గుర్రాలతో నాయకత్వ శిక్షణ: డబ్బు కట్టే ముందు గుర్రాన్ని చూడండి

మీ ప్రశ్న ఇది: నాన్నగారి తర్వాత ప్రొద్దుటూరులో బట్టల దుకాణం మీరే చూసుకుంటున్నారు. పదహారు మంది పనివాళ్ళు. మెల్లగా చెబితే వినరు, గట్టిగా చెబితే మరునాడు ఇద్దరు పనికి రారు. బెంగళూరు దగ్గర గుర్రాలతో రెండు రోజుల నాయకత్వ శిక్షణ ఉందని, వెళ్ళి రమ్మని మీ వదినగారు అంటున్నారు. మీకేమో గుర్రమంటే భయం, ఎక్కడం రాదు. దుకాణానికీ గుర్రానికీ సంబంధం ఏమిటి, ఇది నిజంగా పనిచేస్తుందా, డబ్బు దండగా అని అడిగారు.

నేను కర్నూలు జిల్లాలో ఓర్వకల్లు దగ్గర పదకొండేళ్ళుగా ఈ పనే చేస్తున్నాను, ఇప్పుడు మూడు గుర్రాలున్నాయి. అంతకుముందు పద్నాలుగేళ్ళు ఒక సంస్థలో ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే విభాగంలో ఉన్నాను. కాబట్టి తరగతి గదిలో చెప్పే పాఠం ఎంతవరకు పనిచేస్తుందో, గుర్రం పక్కన నిలబడి నేర్చుకున్నది ఎంతవరకు నిలుస్తుందో రెండూ దగ్గర నుంచి చూశాను.

సూటి జవాబు: పనిచేస్తుంది, కానీ ఒక్క విషయంలోనే. మీరు నోరు తెరవక ముందే మీ ఒళ్ళు ఎదుటివాళ్ళకు ఏం చెబుతోందో గుర్రం మీకు చూపిస్తుంది. వ్యాపారం నడపడం నేర్పదు, జీతాల తగాదా తీర్చదు, మనసులోని పాత గాయాన్ని మాన్పదు. మీరు రాసిన దాన్ని బట్టి మీ ఇబ్బంది సరిగ్గా ఆ ఒక్క చోటే ఉన్నట్టుంది. అందుకే వెళ్ళమంటాను. గుర్రం ఎక్కాల్సిన పని లేదు. అయితే రెండు రోజులకు ఒకేసారి డబ్బు కట్టకండి. ముందు ఒకసారి వెళ్ళి, ఆ గుర్రాలు ఎలా ఉన్నాయో మీ కళ్ళతో చూసి రండి. ఎందుకో వివరంగా చెబుతాను.

మొదట అక్కడ జరిగేది ఏమిటో చెప్పాలి. కంచె వేసిన ఒక ఖాళీ జాగా ఉంటుంది. మీ చేతికి పగ్గం ఇచ్చి, గుర్రాన్ని ఇక్కడి నుంచి అక్కడికి నడిపించమంటారు. తర్వాత పగ్గం తీసేసి అదే పని చేయమంటారు. ఇంకోసారి ఇద్దరు మనుషులు మాట్లాడుకోకుండా ఒక గుర్రాన్ని రెండు గుంజల మధ్య నుంచి దాటించాలి. పనులు ఇంత చిన్నవే. ఒక్కోటి పది నిమిషాలు పట్టవచ్చు, అరగంట పట్టవచ్చు. ఆ తర్వాత నీడన కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకుంటారు. శిక్షణలో సగం ఆ మాటల్లోనే ఉంది. ఆ సగం సరిగ్గా జరగకపోతే మీకు మిగిలేది గుర్రం పక్కన దిగిన ఫొటో మాత్రమే.

మా దగ్గర చుక్క అనే ఆడగుర్రం ఉంది. నుదుటి మీద తెల్లమచ్చ ఉంటుంది కాబట్టి ఆ పేరు. మార్వారీ జాతిది. చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. బరువు 400 కిలోలకు కాస్త తక్కువ. నాలుగేళ్ళ కిందట అనంతపురం నుంచి ఒక బ్యాంకు మేనేజరు గారు వచ్చారు. చుక్కను వేపచెట్టు దాకా తీసుకెళ్ళమని పగ్గం చేతికిచ్చాను. ఆయన దాని ముఖానికి ఎదురుగా నిలబడి, రెండు చేతులా పగ్గం బిగించి, "రా, రా" అంటూ వెనక్కి అడుగులు వేయబోయారు. చుక్క మెడ చాచింది గాని కాలు కదపలేదు. ఆయన ఇంకా లాగారు. అది ముందుకాళ్ళు రెండూ నేలకు తన్ని పెట్టి, ఒక చెవి ఆయన వైపు, రెండోది పక్కకు తిప్పి అలాగే నిలబడిపోయింది. మూడు నిమిషాలు గడిచాయి. ఆయన చొక్కా వీపున తడిసి అంటుకుపోయింది. నేను ఏమీ అనలేదు. చివరికి ఆయన పగ్గం వదులు చేసి, గట్టిగా ఊపిరి వదిలి, అసలు వెళ్ళాల్సింది ఎటు అన్నట్టు చెట్టు వైపు తిరిగి చూశారు. చూసి రెండడుగులు వేశారో లేదో, వెనక డెక్కల చప్పుడు. చుక్క వచ్చి ఆయన భుజం పక్కన నడుస్తోంది.

ఇందులో మహిమ ఏమీ లేదు. గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి దానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. కనిపించనివి రెండే చోట్లు: నుదుటికి సరిగ్గా ఎదురుగా కొద్దిమేర, తోక వెనక కొంత మేర. ఆయన ఆ కనిపించని చోట నిలబడి, దాని దారికి తానే అడ్డమై, రమ్మని లాగుతున్నారు. లాగితే ఎదురు లాగడం గుర్రం సహజ గుణం. ఆయన దారి ఇచ్చి, వెళ్ళాల్సిన వైపు తాను తిరిగేసరికి అది నడిచింది. సాయంత్రం నీడన కూర్చున్నప్పుడు ఆయనే చెప్పారు: "కొత్త పని అప్పజెప్పినప్పుడు కూడా నేను ఇంతే. అది ఎటు పోవాలో చెప్పను. వాళ్ళ బల్ల ముందు నిలబడి కానివ్వండి, కానివ్వండి అంటుంటాను." ఈ మాట నేను చెప్పి ఉంటే ఆయన తల ఊపి మరచిపోయేవారు. చుక్క దగ్గర మూడు నిమిషాలు చెమటోడ్చారు కాబట్టి గుర్తుండిపోయింది.

కుక్కతోనో ఆవుతోనో ఎందుకు కాదు అని చాలామంది అడుగుతారు. కుక్క వేటాడే జాతి, పైగా మనల్ని మెప్పించాలని చూస్తుంది. మీరు విసుక్కున్నా తోక ఊపుతుంది. గుర్రం వేటకు గురయ్యే జాతి. పులి ఎటు నుంచి వస్తుందో కనిపెట్టి పరిగెత్తిన గుర్రాలే బతికాయి. అందుకే ఎదుటి ప్రాణి ఒంట్లో బిగువు, ఊపిరి, అడుగు, చూపు వీటిని అది క్షణక్షణం గమనిస్తూ ఉంటుంది. మీ హోదా, మీ దుకాణం పేరు దానికి పట్టవు.

ఇది ఎంత సూక్ష్మంగా ఉంటుందో చెప్పడానికి ఒక పాత సంగతి ఉంది. జర్మనీలో హాన్స్ అనే గుర్రం కూడికలు, తీసివేతలు చేస్తుందని, జవాబును డెక్కతో కొట్టి చెబుతుందని 1900ల మొదట్లో పెద్ద పేరు వచ్చింది. యజమాని వాన్ ఓస్టెన్ అనే విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు. 1904లో ఒక సంఘం పరీక్షించి, ఇందులో మోసం లేదని తేల్చింది. తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు ఇంకా లోతుగా చూసి 1907లో అసలు విషయం బయటపెట్టాడు. ప్రశ్న వేసినవాడికి జవాబు తెలియకపోయినా, వాడు గుర్రానికి కనిపించకపోయినా హాన్స్ జవాబు తప్పేది. సరైన అంకె రాగానే అడిగినవాడి తల, ఒళ్ళు తనకు తెలియకుండానే ఇసుమంత కదిలేవి. ఆ కదలికను చూసి గుర్రం కొట్టడం ఆపేది. ఇందులో నాకు అన్నిటికన్నా విలువైన ముక్క ఇంకొకటుంది. ఈ గుట్టు కనిపెట్టిన ఫుంగ్‌స్ట్ కూడా ఆ కదలిక తన ఒంట్లో రాకుండా ఆపుకోలేకపోయాడు. తెలిసినా ఆగదు. మీ పనివాళ్ళు మీలో చూస్తున్నది కూడా ఇలాంటిదే కావచ్చు.

ఈ మధ్యకాలం పరిశోధనలు కూడా ఉన్నాయి. 2009లో స్వీడన్ పరిశోధకులు మనుషుల చేత గుర్రాలను ఒకే దారిలో నాలుగుసార్లు నడిపించారు. నాలుగోసారి గుర్రం ముందు గొడుగు తెరుస్తామని ఆ మనుషులకు ముందే చెప్పారు. గొడుగు తెరవనే లేదు. అయినా నాలుగోసారి మనిషి గుండె వేగం పెరిగింది, దాంతో పాటు గుర్రం గుండె వేగమూ పెరిగింది. 2016లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు 28 గుర్రాలకు మనుషుల ముఖాల ఫొటోలు చూపించారు. కోపంగా ఉన్న ముఖాన్ని అవి ఎక్కువగా ఎడమ కంటితో చూశాయి, గుండె వేగం కూడా త్వరగా పెరిగింది.

వీటితో నిరూపణ అయ్యేది గుర్రం మనల్ని చదవగలదని మాత్రమే. దానివల్ల మనిషి మంచి నాయకుడవుతాడని వీటిలో ఏ ఒక్కటీ చెప్పదు. ఈ శిక్షణ మీద జరిగిన పరిశోధనలు చాలావరకు కొద్దిమందితో, వచ్చినవాళ్ళు తమకు ఎలా అనిపించిందో చెప్పిన మాటల ఆధారంగా జరిగినవి. "శాస్త్రం నిరూపించింది" అని ఎవరైనా ప్రకటనలో రాస్తే ఆ మాట దగ్గర ఆగి ఆలోచించండి.

ఇప్పుడు మీ దుకాణం సంగతి. మెల్లగా చెబితే వినరు, గట్టిగా చెబితే రారు అన్నారు. ఈ రెండింటి మధ్య ఉన్నదే గుర్రం నేర్పే అసలు పాఠం.

గుర్రాన్ని వెనక్కి జరపాలంటే ముందు దాని ఛాతీ వైపు చూపు పెట్టి, ఒళ్ళు కాస్త నిటారు చేస్తాం. జరగకపోతే చేయి ఎత్తుతాం. అప్పటికీ జరగకపోతే వేలి కొనలతో ఛాతీని తాకుతాం, తర్వాత కాస్త నొక్కుతాం. అది ఒక్క అంగుళం వెనక్కి వాలిన ఆ క్షణమే చేయి తీసేయాలి. గుర్రం నేర్చుకునేది నొక్కినందుకు కాదు, వదిలినందుకు. చెప్పినట్టు చేశాక కూడా చేయి అలాగే ఉంచారంటే, చేసినా చేయకపోయినా ఒకటేనని దానికి అర్థమవుతుంది. చేయి ఎత్తి, అది జరగక ముందే దించేశారంటే, మీ చేయికి అర్థం లేదని నేర్చుకుంటుంది.

కడప జిల్లా నుంచే ఒక ప్రధానోపాధ్యాయురాలు వచ్చారు. చాలా మెత్తని మనిషి. ఆమెకు మా సుల్తానును ఇచ్చాం. వాడు పెద్ద ఒళ్ళున్న గుర్రం, చొరవ ఎక్కువ. దూరం జరగమని ఆమె చేత్తో చూపిస్తూనే, నోటితో "ఏమీ అనుకోకు నాన్నా" అంటున్నారు. పాదాలేమో వెనక్కి పోతున్నాయి. చేయి ఒకటి చెబుతోంది, కాళ్ళు ఇంకోటి చెబుతున్నాయి. సుల్తాను కాళ్ళ మాటే విన్నాడు. ఆమె వెనక్కి వెళ్ళినంత మేరా వాడు ముందుకొచ్చి, చీర కొంగును పెదవులతో అందుకుని నమలడం మొదలుపెట్టాడు. ఆమె అయిదారుసార్లు "వద్దు నాన్నా" అన్నారు. తర్వాత ఒక్కసారిగా కేక వేసి కొంగు లాక్కున్నారు. వాడు బెదిరి కంచె దాకా పరిగెత్తి, మెడ ఎత్తి, ముక్కుపుటాలు వెడల్పు చేసి అక్కడే నిలబడ్డాడు. మళ్ళీ దగ్గరకు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "బడిలో నేను చేసేది అచ్చం ఇదే" అన్నారు. అయిదుసార్లు అర్థం లేని "వద్దు", ఆరోసారి కేక. మొదటి అయిదుసార్లూ చెప్పింది పట్టించుకోనక్కరలేదని సుల్తానుకు ఆమే నేర్పారు, ఆరోసారి శిక్షించారు. రెండోసారి వచ్చినప్పుడు ఆమెకు ఒక్కటే చెప్పాను: పాదాలు నేల మీద ఉంచండి, తక్కిన పని అవే చూసుకుంటాయి. ఆమె కొంగు నడుముకు చుట్టి, నిలబడి, గొంతు పెంచకుండా చేయి ఎత్తారు. సుల్తాను ఆగాడు. ఆమె వెంటనే చేయి దించారు. వాడు తల దించి, పెదవులు నాక్కుని నమిలినట్టు చేశాడు. మొత్తం కలిపి పది సెకన్లు ఉంటుందేమో. మెత్తదనానికీ కేకకూ మధ్య ఇంకొక చోటు ఉందని ఆమె ఒంటికి అప్పుడు తెలిసింది. మీరు వెతుకుతున్నది కూడా ఆ చోటే అనుకుంటున్నాను.

ఈ రంగంలో "గుర్రం అద్దం లాంటిది" అనే మాట మీకు పదే పదే వినిపిస్తుంది. నేను దీన్ని ఒప్పుకోను. అద్దానికి సొంత బతుకు ఉండదు, గుర్రానికి ఉంటుంది. ఈగలు కుడతాయి, ఎండ దెబ్బ తగులుతుంది, తోటి గుర్రం కనిపించకపోతే బెంగ పడుతుంది. ఒకసారి చుక్క ఒక అమ్మాయితో నడవనని మొండికేసింది. ఆ అమ్మాయి "నన్ను ఎవరూ నమ్మరు, చివరికి గుర్రం కూడా" అని ఏడ్చింది. ఆ మాట పట్టుకుని నేను ఆమె గతం గురించి అడగడం మొదలుపెట్టాను. మా దగ్గర గుర్రాలను చూసుకునే పెద్దాయన మాత్రం ఒక్క మాట మాట్లాడకుండా వెళ్ళి, చుక్క ముందుకాలు ఎత్తి చూశాడు. గిట్ట కింద మెత్తని భాగం పక్కన చింతగింజంత గులకరాయి ఇరుక్కుని ఉంది. దాన్ని తీసేశాక చుక్క అదే అమ్మాయితో హాయిగా నడిచింది. ఆ రోజు ఆమె మనసుకు నేను చేసిన కీడు చిన్నది కాదు. క్షమాపణ చెప్పాను. అప్పటి నుంచి ఎవరు వచ్చినా సరే, ముందు నాలుగు గిట్టలూ చూసి గాని మొదలుపెట్టం. గుర్రం చేసే ప్రతి పనికీ మీ మనసులోనే కారణం వెతికే శిక్షకుడు కనిపిస్తే అతని దగ్గర ఉండకండి.

ఆ పెద్దాయన కర్నూలు పాతబస్తీలో ముప్ఫై ఏళ్ళు జట్కా తోలిన మనిషి. నాకు ఈ పనిలో గురువు ఆయనే. ఇప్పుడు చెప్పబోయే ముఖ్యమైన విషయం కూడా ఆయన నేర్పిందే.

మొదటి ఏడాది నాకు సొంత గుర్రం ఒక్కటే ఉండేది. చాలక, పెళ్ళి ఊరేగింపులకు తిప్పే గుర్రాన్ని ఒకదాన్ని అద్దెకు తెచ్చేవాణ్ణి. అది బంగారం అనుకున్నాను. ఎవరు పగ్గం పట్టుకున్నా నడిచేది, ఎవరు తాకినా కదలకుండా నిలబడేది. వచ్చినవాళ్ళందరూ తాము బాగా చేశామనే సంతోషంతో ఇంటికి వెళ్ళేవారు. నెల తర్వాత పెద్దాయన నన్ను పక్కకు పిలిచి అన్నాడు: "సార్, ఇది శాంతం కాదు. బ్యాండు మోతలో, టపాసుల్లో ఎంత బెదిరినా ఎవరూ పట్టించుకోలేదు. చెప్పి చెప్పి విసిగి, ఇక చెప్పడం మానేసింది. దాని చెవులు చూడండి." చూశాను. పక్కనే డబ్బా కింద పడితే మా గుర్రం చెవులు రెండూ అటు తిరిగాయి. దాని చెవులు కదల్లేదు. కంటి మూల మీద ఈగ వాలినా రెప్ప సరిగా వేయలేదు.

ఆ నెల రోజుల్లో వచ్చినవాళ్ళకు నేను ఇచ్చింది అబద్ధం. కాదనే స్వేచ్ఛ లేని గుర్రం ఇచ్చే అవునుకు విలువ లేదు. ఈ పదకొండేళ్ళలో నేను నేర్చుకున్నది ఒక్క ముక్కలో చెప్పమంటే ఇదే చెబుతాను. మా దగ్గర ఇప్పుడు గుర్రం కంచె లోపల ఒక మూలకు వెళ్ళిపోతే దాన్ని లాక్కురాము. అది రాకపోవడం కూడా జవాబే. మీకు ఎదురు చెప్పకుండా అన్నిటికీ తల ఊపి, మరునాడు పనికి రాని మీ ఇద్దరు మనుషుల గురించి కూడా ఈ కోణంలో ఒకసారి ఆలోచించండి అమ్మా.

అందుకే డబ్బు కట్టక ముందు గుర్రాలను చూడమన్నాను. వెళ్ళినప్పుడు ముందు చెవులు చూడండి. చప్పుడు వైపు తిరుగుతున్నాయా, మీరు వచ్చినట్టు అది గమనించిందా? ఒక వెనక కాలిని సడలించి, కింది పెదవి వదులుగా వేలాడేసి నిలబడి ఉంటే అది విశ్రాంతి. తల ఎత్తి, కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూస్తుంటే భయం. కట్టేసిన చోట తలను అటూ ఇటూ ఒకే తీరుగా ఊపుతూ ఉన్నా, కర్రను పళ్ళతో పట్టుకుని గాలి మింగుతున్నా ఆ గుర్రానికి మేతో, తోడో, తిరిగే జాగానో చాలడం లేదని అర్థం. ముక్కు మీద, వీపు మీద రాపిడి పుండ్లు ఉన్నాయేమో చూడండి. నీళ్ళ తొట్టిలోకి తొంగి చూడండి. పెద్ద గుర్రం రోజుకు 25 నుంచి 45 లీటర్ల నీళ్ళు తాగుతుంది, మన ఎండల్లో ఇంకా ఎక్కువ. ఆ తొట్టి ఎండిపోయి ఉంటే వెనక్కి వచ్చేయండి.

ఒక గుర్రం చేత రోజుకు ఎంతసేపు పని చేయిస్తారని తప్పక అడగండి. మా దగ్గర ఒక్కో గుర్రానికి రోజుకు రెండు విడతలే, ఒక్కోటి ముప్పావు గంట. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. జనం వచ్చినా రాకపోయినా చొప్ప, ఉలవలు, లాడాలు, వైద్యుడి ఖర్చు ఆగవు. ఆ భారం మోయలేక కొన్ని చోట్ల ఒకే గుర్రాన్ని పొద్దున నుంచి సాయంత్రం దాకా తిప్పుతారు. మధ్యాహ్నం మూడింటికి అది ఎవరితోనైనా నడుస్తుంది, ఎందుకంటే దానికి ఇక ఓపిక లేదు. మీ వంతు ఎన్నింటికో తెలుసుకోండి.

ఇంకొకటి, గుర్రాన్ని చూసే మనిషి వేరు, మీతో మాట్లాడే మనిషి వేరుగా ఉండాలి. ఒక్కరే రెండు పనులూ చేయలేరు. నేను మీ ముఖం చూస్తున్నప్పుడు గుర్రం తోక ఎవరు చూడాలి? అమెరికాలో 1999లో మొదలైన ఈగాలా అనే సంస్థ పద్ధతిలో ఈ జంట తప్పనిసరి, స్వారీ అసలు ఉండదు. వాళ్ళది మానసిక చికిత్సకు సంబంధించిన పద్ధతి. అయినా ఈ నియమాన్ని శిక్షణ ఇచ్చేవాళ్ళు కూడా పాటించడం మంచిది.

ఇదంతా పరాయి దేశాల వ్యవహారమని కొందరు కొట్టిపారేస్తారు. పద్ధతికి ఈ రూపం అక్కడే వచ్చిన మాట నిజం. డెన్మార్కుకు చెందిన లిస్ హార్టెల్‌కు పోలియో వచ్చి మోకాళ్ళ కింద కాళ్ళు చచ్చుబడ్డాయి. అయినా 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో గుర్రపు స్వారీలో వెండి పతకం గెలిచింది. గుర్రాల సాయంతో చికిత్స మీద పడమటి దేశాల్లో ఆసక్తి పెరగడానికి ఆమె విజయం ఒక పెద్ద కారణం. శిక్షణ అనే శాఖ తర్వాత వచ్చింది. కానీ గుర్రం మన సీమకు కొత్తదేమీ కాదు. గుత్తి కోటలో ఉండి మురారిరావు నడిపిన గుర్రపు దళం పద్దెనిమిదో శతాబ్దంలో దక్షిణాదిలో పేరు మోసింది. పెద్దాయన లాంటివాళ్ళ చేతుల్లో ఉన్న విద్య ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. జట్కాలు పోయాక ఆ విద్య ఉన్నవాళ్ళు ఆటోలు తోలుతూ, కూలికి వెళుతూ చెదిరిపోయారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఎవరికి ఇది పనికిరాదు? ఇద్దరు అన్నదమ్ములు ఉమ్మడి వ్యాపారంలో వాటాల గొడవతో మా దగ్గరకు వచ్చారు. కంచె లోపల ఇద్దరూ కలిసి గుర్రాన్ని చక్కగా నడిపించారు. బయటికి రాగానే మళ్ళీ అదే గొడవ. వాళ్ళకు కావలసింది లెక్కలు తేల్చే మనిషి, గుర్రం కాదు. ఆ డబ్బు తిరిగి ఇచ్చేశాను. అలాగే నిద్ర పట్టక, తిండి సయించక, బతుకు మీద ఆశ పోయిన స్థితిలో ఉన్నవాళ్ళు ముందు మానసిక వైద్యుణ్ణి చూడాలి. టెలీమానస్ 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. ఇలాంటివాళ్ళకు కూడా గుర్రంతో నయం చేస్తామని ఎవరైనా అంటే, వాళ్ళు మీకు దేన్ని నేర్పుతామన్నా నమ్మకండి.

మీ భయం గురించి. భయం ఉండటం మంచిదే. నాలుగు వందల కిలోల జంతువు పక్కన భయం లేనివాళ్ళే దెబ్బలు తింటారు. మొదటి గంట కంచె బయటే నిలబడి చూస్తానని చెప్పండి. కాదనే చోటుకు వెళ్ళకండి. దగ్గరకు వెళ్ళేటప్పుడు దాని భుజం వైపు నుంచి వెళ్ళండి, ముఖానికి ఎదురుగా వద్దు, వెనక నుంచి అసలే వద్దు. చేతి వెనక భాగాన్ని వాసన చూడనివ్వండి. వేళ్ళు మూసిన గట్టి బూట్లు వేసుకోండి. డెక్క కింద చెప్పుల పాదం పడితే ఎముక విరుగుతుంది. పగ్గం ఎప్పుడూ చేతికి చుట్టుకోవద్దు, మడతలుగా పట్టుకోండి. గుర్రం ఉన్న చోట ధనుర్వాతం ప్రమాదం ఎక్కువ కాబట్టి టీకా వేయించుకుని చాలాకాలమైతే వేయించుకుని వెళ్ళండి. ప్రేమ కొద్దీ లడ్డూలు, అన్నం తీసుకెళ్ళకండి. గుర్రం కక్కుకోలేదు. తినకూడనిది లోపలికి పోతే కడుపునొప్పితో ప్రాణం మీదకే వస్తుంది.

ఇక డబ్బు. నా అనుభవంలో వరసగా రెండు రోజుల కన్నా, మూడు వారాల ఎడంతో రెండు సగం రోజులు ఎక్కువ ఫలితం ఇస్తాయి. మధ్యలో మీరు దుకాణానికి వెళ్ళి, నేర్చుకున్నది చేసి చూసి, ఎక్కడ తప్పిందో తెలుసుకుని రావాలి. ఆ ప్రధానోపాధ్యాయురాలి విషయంలో పనిచేసింది ఆ ఎడమే. బెంగళూరు వాళ్ళను అలా విడగొట్టి ఇస్తారా అని అడగండి. తర్వాత నెలకోసారి ఫోనులో మాట్లాడే ఏర్పాటు ఉందా అని కూడా అడగండి. రెండింటికీ లేదంటే మీ ధనం, సమయం వేరే చోట పెట్టండి.

వెళ్ళే లోపు ఒక వారం ఈ పని చేయండి. పొద్దున దుకాణం తెరిచినప్పుడు ఎవరికైనా పని చెప్పే ముందు మీ పాదాలు ఎక్కడున్నాయో గమనించండి. అటు నడుస్తూ చెబుతున్నారా, బిల్లు చూస్తూ చెబుతున్నారా? ఒకసారి ఆగి, ఆ మనిషి వైపు తిరిగి, ఒక్కసారే చెప్పి, చేసేదాకా అక్కడే ఉండి, చేయగానే "సరే" అని కదలండి. ఏం జరిగిందో రోజూ నాలుగు వాక్యాలు రాసుకోండి. ఆ కాగితాలు వెంట తీసుకెళితే అక్కడివాళ్ళకు మీతో ఏం మాట్లాడాలో తెలుస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఎక్కడికీ వెళ్ళకండి. మా దగ్గర ఆ రెండు నెలలూ శిక్షణ ఉండదు. కర్నూలు ఎండలో ఉదయం ఎనిమిది దాటితే గుర్రాలు నీడ వదిలి రావు, రప్పించడం న్యాయమూ కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మీకు దసరా, దీపావళి, సంక్రాంతి బేరాలు ఉంటాయి కాబట్టి సంక్రాంతి అయ్యాక, జనవరి చివరి వారంలో పెట్టుకోండి.

మీకు వీలైతే బెంగళూరు కన్నా ముందు ఒక ఉదయం మా దగ్గరకు వచ్చి చూసి వెళ్ళండి. శిక్షణ కోసం కాదు, డబ్బూ వద్దు. ఆరింటికి పెద్దాయన ఉలవలు పెడతాడు. ఆ సమయంలో గుర్రాలు ఒకదానితో ఒకటి ఎలా మెలుగుతాయో, చుక్క చెవి ఒక్కటి కదిపి సుల్తానును తొట్టి దగ్గర నుంచి ఎలా పక్కకు జరుపుతుందో కంచె బయట నిలబడి చూడవచ్చు.